ఐదేళ్ల ఫైలు: జర్మనీలో పౌరసత్వానికి సిద్ధపడటం

"జర్మనీ ఇప్పుడు రెండు పాస్‌పోర్టులూ ఉంచుకోనిస్తోందట కదా?" పౌరసత్వం మాట ఎత్తగానే మనవాళ్లు ముందు అడిగేది ఇదే. అది సగమే నిజం. 2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో, పాత పౌరసత్వం వదులుకుని రమ్మనే షరతును జర్మనీ ఎత్తేసింది. ఇండియా మాత్రం ఎత్తేయలేదు. మన 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకున్న భారతీయుడు ఆ క్షణం నుంచి భారత పౌరుడు కాడు. దానికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కర్లేదు, నోటీసు పంపనక్కర్లేదు. టర్కీ నుంచి వచ్చిన పక్కింటాయనకు జర్మన్ పాస్‌పోర్టు ఉన్నదానికి తోడవుతుంది. మనకైతే ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం.

అందుకే ఈ అధ్యాయాన్ని దరఖాస్తు ఫారంతో మొదలుపెట్టడం లేదు.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది

ఏం పోతుంది, ఏం పోదు అన్నది భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ విషయంలో ఉన్న భయాలు చాలావరకు అసలు సంగతికి సంబంధం లేనివి. పొలం సంగతే తీసుకోండి. "ఆ పౌరసత్వం తీసుకుంటే ఊళ్లో భూమి పోతుంది" అని పెద్దవాళ్లు కంగారుపడతారు. పోదు. ఇండియాలో ఉండగా కొన్నదీ, తాతల నుంచి వచ్చిందీ మీ పేరునే ఉంటుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నాక ఇండియా ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు మీద కొత్తగా వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనలేరు. నిజమే, కానీ ఇవాళ భారత పాస్‌పోర్టుతో జర్మనీలో ఉంటున్న ఎన్నారైగా కూడా కొనలేరు. హైదరాబాద్‌లో ఫ్లాటు ఎన్నారైగా కొనొచ్చు, ఓసీఐగానూ కొనొచ్చు. ఉన్న పొలం అమ్మితే ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలన్న నియమం కూడా ఇద్దరికీ ఒకటే. కాబట్టి భూమి కోసం పౌరసత్వాన్ని వాయిదా వేసుకునేవాళ్లు లేని కారణానికి ఆగిపోతున్నట్టే.

పోయేవి వేరే ఉన్నాయి. ఓటు పోతుంది. ఎన్నారైగా ఉన్నన్నాళ్లు సొంతూరి ఓటరు జాబితాలో పేరు ఉంచుకోవచ్చు. పోలింగు రోజున స్వయంగా వెళ్లి వేయాలి గనుక ఎంతమంది వేస్తున్నారన్నది వేరే సంగతి. ఎన్నికల్లో నిలబడే హక్కు పోతుంది. ప్రభుత్వోద్యోగానికి అర్హత ఉండదు. పిల్లలున్నవాళ్లు ఇంకో విషయం గట్టిగా చూసుకోవాలి. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్ వంటి పరీక్షలు రాయొచ్చు, కానీ భారత పౌరులకే కేటాయించిన సీట్లకు కాదు, ఎన్నారై సీట్లకు మాత్రమే. "పిల్లను ఇంటర్‌కి ఇండియా పంపి ఎంబీబీఎస్ కన్వీనర్ కోటాలో చదివిద్దాం" అన్న ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ లెక్క ముందే వేసుకోండి. పిల్ల పేరు మీద జర్మన్ పాస్‌పోర్టు వచ్చాక వేసుకుంటే లాభం లేదు.

వచ్చేవి కూడా చిన్నవి కావు. యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశానికైనా వెళ్లి ఉద్యోగం చేసుకోవచ్చు, వీసా ఆఫీసు గడప తొక్కనక్కర్లేదు. ఉద్యోగం పోయినప్పుడు "వీసా ఏమవుతుందో" అన్న బెంగ ఉండదు. అమ్మానాన్నలకు బాగోలేక ఏడాదిపాటు ఇండియాలో ఉండాల్సి వచ్చినా జర్మనీ తలుపు మూసుకోదు. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) అయితే మామూలుగా ఆరు నెలలు దేశం బయట ఉంటే రద్దవుతుంది. ముఖ్యంగా ఓటు. పన్ను ఎంత కట్టినా, ఇరవై ఏళ్లు ఒకే ఊళ్లో ఉన్నా, మన పాస్‌పోర్టుతో అక్కడ కార్పొరేషన్ ఎన్నికల్లో కూడా ఓటు వేయలేం. నిన్న మొన్న వచ్చిన ఇటలీ మనిషి వేయగలడు, ఎందుకంటే అతనిది యూనియన్ దేశం.

ఇద్దరూ ఒకేసారి మారాలన్న నియమమేమీ లేదు. ఒకరు జర్మన్ పౌరసత్వం తీసుకుని, ఇంకొకరు భారత పాస్‌పోర్టుతో పీఆర్ మీద ఉండిపోవడం సబబైన ఏర్పాటే. తల్లిదండ్రుల ఆస్తి వ్యవహారాలు, ఇండియాకు తిరిగి వెళ్లే ఉద్దేశం ఎవరికి ఎక్కువో చూసుకుని నిర్ణయించుకోవచ్చు. వెనక్కి దారి పూర్తిగా మూసుకుపోదు కూడా. ఓసీఐగా ఐదేళ్లు నమోదై ఉండి, ఇండియాలో పన్నెండు నెలలు నివసించినవాళ్లు మళ్లీ భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఐదేళ్లు ఎక్కడి నుంచి లెక్క

జర్మనీ చాలాకాలం తనను తాను వలస దేశమని ఒప్పుకోలేదు. 1913 నాటి చట్టం రక్తసంబంధాన్నే చూసేది. జర్మన్‌కు పుట్టినవాడే జర్మన్. 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని కూలీలను పిలిపించుకున్నప్పుడు వాళ్లను 'అతిథి కార్మికులు' అన్నారు. పని అయ్యాక వెళ్లిపోతారన్నది జర్మనీ ఊహ. వెళ్లలేదు. అక్కడే పిల్లల్ని కన్నారు, మనవల్ని ఎత్తారు. 2000 జనవరి 1న వచ్చిన చట్టంతో గానీ, విదేశీయులకు అక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం దొరకలేదు. 2024 సవరణలో ఆ మొదటి తరం కార్మికులకు రాత పరీక్షలు తీసేసి, మాట్లాడటం వస్తే చాలన్నారు. అప్పటికే వాళ్లు ముసలివాళ్లయ్యారు.

అదే 2024 చట్టం ఎనిమిదేళ్ల నివాసాన్ని ఐదేళ్లకు తగ్గించింది. భాష బాగా వచ్చి, బాగా స్థిరపడినవాళ్లకు మూడేళ్లకే ఇచ్చే ఇంకో వెసులుబాటు కూడా పెట్టింది. దాన్ని 2025 అక్టోబరులో పార్లమెంటు తీసేసింది. మూడేళ్ల లెక్క మీద ఇల్లు కొనుక్కుని, ఉద్యోగం మార్చుకుని ఎదురుచూసినవాళ్లు కొందరు మధ్యలో చిక్కుకున్నారు. చట్టం మళ్లీ మారదన్న పూచీ లేదు. కాబట్టి అర్హత వచ్చిన నెలలోనే దరఖాస్తు పెట్టేలా సిద్ధంగా ఉండటమే మన చేతిలో ఉన్నది.

ఐదేళ్లు మీరు జర్మనీలో దిగి, ఇల్లు చూసుకుని, మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకున్న దగ్గర నుంచి మొదలవుతాయి. ఆ నమోదునే అన్‌మెల్డుంగ్ అంటారు. మాస్టర్స్ చదివిన రెండు మూడేళ్లు కూడా మామూలుగా లెక్కలోకి వస్తాయి. ఈ సంగతి తెలియక, ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఐదేళ్లు లెక్కపెట్టుకుని కూర్చునేవాళ్లు ఎక్కువ. అయితే దరఖాస్తు పెట్టే నాటికి చేతిలో ఉన్న అనుమతి మాత్రం స్టూడెంట్ వీసా కాకూడదు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చేదీ కాకూడదు. నిపుణ ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డ్ సరిపోతుంది. పీఆర్ వచ్చేదాకా ఆగాలన్నది అపోహ. పీఆర్ వల్ల ఉపయోగం లేదని కాదు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకు బి1 స్థాయి జర్మన్ ఉంటే ఇరవై ఒక్క నెలలకు, ఎ1 మాత్రమే ఉంటే ఇరవై ఏడు నెలలకు అది వస్తుంది. దాని విలువ పిల్లల దగ్గర తెలుస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరు ఐదేళ్లుగా చట్టబద్ధంగా ఉంటూ పీఆర్ కలిగి ఉంటే, అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే జర్మన్ పౌరుడు. బిడ్డ పుట్టాక నెల తిరిగేసరికి పీఆర్ వచ్చినా ఆ బిడ్డకు అది పనిచేయదు. కడుపుతో ఉన్న ఇంట్లో ఈ తేదీలు చూసుకోవాలి.

లెక్క తెగిపోయేది రెండు చోట్ల. ఒకటి, ఆరు నెలలు మించి దేశం బయట ఉండిపోవడం. రెండోది, మన నిర్లక్ష్యం. అనుమతి గడువు తీరకముందే పొడిగింపుకు దరఖాస్తు పెడితే, ఆఫీసు ఎంత ఆలస్యం చేసినా మీ నివాసం చట్టబద్ధంగానే కొనసాగుతుంది. గడువు దాటాక పెడితే ఆ ఖాళీని తర్వాత వివరించుకోవాల్సి వస్తుంది. ఇల్లు మారిన ప్రతిసారీ చిరునామా నమోదు పత్రం, పాత అనుమతి కార్డుల కాపీలు, పాత పాస్‌పోర్టు, జీతం చీటీలు, పెన్షన్ బీమా సంస్థ ఏటా పంపే లెక్క అన్నీ దిగిన రోజు నుంచి ఒకే ఫోల్డరులో పెట్టుకుంటూ పోండి. పౌరసత్వ ఫైలు దరఖాస్తు రోజున తయారవదు. ఐదేళ్లుగా తయారవుతూ వచ్చినదాన్ని ఆ రోజు అప్పజెబుతారంతే.

బి1

పౌరసత్వానికి చట్టం అడిగేవాటిలో మనవాళ్లను ఎక్కువగా ఆపుతున్నది ఈ ఒక్క అక్షరం, ఒక్క అంకె, అంటే ఈ జర్మన్ భాషా స్థాయి. కారణం తెలిసిందే. మాస్టర్స్ ఇంగ్లీషు మీడియం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, వారాంతం తెలుగు మిత్రులతో. ఐదేళ్లు గడిచేసరికి జర్మన్‌లో వచ్చేది రొట్టె కొనడం, సారీ చెప్పడం. జర్మనీలో జర్మన్ మీడియంలో డిగ్రీ చేసినవాళ్లకు వేరే భాషా పరీక్ష అక్కర్లేదు. ఇంగ్లీషులో చేసిన మాస్టర్స్ ఎంత పేరున్న యూనివర్సిటీదైనా భాషకు సాక్ష్యం కాదు.

బి1 అంటే పండితులు రాసే భాష కాదు. ఇంటి ఓనరుకు హీటర్ పాడైందని ఉత్తరం రాయగలగడం, డాక్టరుకు నొప్పి ఎక్కడుందో చెప్పగలగడం, తెలిసిన విషయం మీద అభిప్రాయం చెప్పి దానికి కారణం చెప్పగలగడం. గోతె ఇన్‌స్టిట్యూట్ పరీక్ష తీసుకుంటే చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలుంటాయి. ఒక్కోదానిలో నూటికి అరవై రావాలి. పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకునే వీలుంది. ఉద్యోగస్థులకు నా సలహా ఏంటంటే, నాలుగూ ఒకే రోజు గట్టెక్కాలన్న పంతం వద్దు. మాట్లాడే భాగంలో పక్కన కూర్చున్న అభ్యర్థితో కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి. స్నేహితుడి పుట్టినరోజో, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడటానికి వెళ్లడమో అనుకోండి. మనవాళ్లు ఇక్కడ వ్యాకరణం గురించి వణికి నోరు మూసుకుంటారు. తప్పుతో మాట్లాడినవాడికి మార్కులు పడతాయి, మౌనంగా ఉన్నవాడికి పడవు.

ఇంకా విమానం ఎక్కనివాళ్లు హైదరాబాద్‌లోని గోతె సెంటరులో ఎ1, ఎ2 ముగించి రావడం మంచిది. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ పెట్టే భాషా తరగతులు ఉచితంగానో కొద్ది ఖర్చుతోనో దొరుకుతాయి. ఉద్యోగంలో చేరాక ఆ తీరిక మళ్లీ రాదు.

ఇంట్లో ఉండే భార్య లేదా భర్త విషయం అందరూ మర్చిపోతారు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి వీసా కోసం ఎ1 కూడా అడగరు. అది సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, దానివల్లే చాలామంది సున్నా జర్మన్‌తో దిగి, పిల్లల పెంపకంలో పడి, ఐదేళ్లయ్యాక కూడా అక్కడే ఉంటారు. వీళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఇంటెగ్రేషన్ కోర్సు ఉంది. మామూలు కోర్సులో ఆరు వందల గంటలు భాష, వంద గంటలు దేశ పరిచయం. చివర రాసే భాషా పరీక్షలో బి1 వస్తే అదే పౌరసత్వానికీ పనికొస్తుంది. దేశ పరిచయం పరీక్ష కూడా అంతే. కోర్సు పాసవడానికి 33 ప్రశ్నల్లో 15 చాలు. పౌరసత్వానికి 17 కావాలి. అదే కాగితం రెండు పనులకు వాడుకోవాలంటే ఆ రెండు ప్రశ్నల తేడా చూసుకుని రాయాలి.

సర్టిఫికెట్ కొనుక్కోవచ్చని ఇంటర్నెట్‌లో ఎవరైనా చెబితే వినకండి. మోసంతో వచ్చిన పౌరసత్వాన్ని ఇచ్చిన పదేళ్లలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకునే అధికారం చట్టంలో ఉంది. అప్పటికి మీ భారత పౌరసత్వం కూడా ఉండదు.

పౌరసత్వ పరీక్ష గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ప్రశ్నల జాబితాలో దేశం మొత్తానికి 300, మీరుండే రాష్ట్రానికి పది. అన్నీ ముందే బయటపెట్టి ఉన్నాయి. గంట సమయం, ఫీజు 25 యూరోలు. 1949లో రాజ్యాంగం, 1953 జూన్ 17న తూర్పు జర్మనీలో తిరుగుబాటు, 1961లో బెర్లిన్ గోడ, 1989 నవంబరు 9న దాని పతనం వంటివి వస్తాయి. ఎంసెట్ రాసిన బుర్రలకు ఇది రెండు వారాల పని. కానీ బట్టీ పట్టి వదిలేయకండి. నాజీ పాలన తాలూకు నేరాలకు జర్మనీ వహించే చారిత్రక బాధ్యతను, యూదుల జీవితానికి ఇచ్చే రక్షణను ఒప్పుకుంటున్నట్టు మీరు విడిగా సంతకం పెడతారు. అదేంటని అధికారి అడిగితే సొంత మాటల్లో చెప్పగలగాలి.

డబ్బు లెక్క సులువు. మీరు, మీ మీద ఆధారపడినవాళ్లు సామాజిక సహాయం మీద బతకకూడదు. పిల్లల భత్యం, ప్రసవం తర్వాత వచ్చే భత్యం అడ్డు కావు. కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్ నడుస్తుంటే చాలా ఆఫీసులు అది అయ్యేదాకా ఆగమంటాయి. కాబట్టి దరఖాస్తుకు మూడు నెలల ముందు కంపెనీ మారడం తెలివైన పని కాదు. దరఖాస్తు రుసుము పెద్దవాళ్లకు 255 యూరోలు, తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేసే, సొంత ఆదాయం లేని పిల్లలకు 51.

పేరు, పుట్టిన తేదీ

మన తెలుగువాళ్ల ఫైళ్లు ప్రత్యేకంగా చిక్కుపడేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరే లేదు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరంతా గివెన్ నేమ్‌లో. పెళ్లయ్యాక భార్య పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు, ఆమె డిగ్రీ పట్టాలో పుట్టింటి ఇంటిపేరు. మనకిది మామూలే. జర్మన్ ఆఫీసులో కూర్చున్న మనిషికి మాత్రం ఇవి నలుగురు వేర్వేరు మనుషులు. 'గుర్తింపు రుజువు కావడం' పౌరసత్వానికి ఒక షరతు గనుక ఆ అధికారి అడగడం తప్పు కాదు. భారత పాస్‌పోర్టు రెన్యువల్ వచ్చినప్పుడే ఇంటిపేరును దాని గడిలో సరిగ్గా పెట్టించుకోండి. ఒకవేళ ఆ పేరుతోనే జర్మన్ పౌరులైపోయినా, సివిల్ రిజిస్ట్రీ ఆఫీసులో ఏది సొంత పేరు, ఏది కుటుంబ పేరు అని ప్రకటించి సరిచేసుకునే అవకాశాన్ని జర్మన్ చట్టం ఇస్తుంది. జర్మన్ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేలోపే ఆ పని చేసుకోవాలి.

ఎనభైల్లో, తొంభైల్లో పల్లెల్లో పుట్టినవాళ్లకు బర్త్ సర్టిఫికెట్ అసలు ఉండకపోవచ్చు, ఉన్నా అందులో పేరు లేకుండా 'మగ శిశువు' అని మాత్రమే ఉండొచ్చు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీసేవ నుంచో మున్సిపాలిటీ నుంచో పేరు చేర్పించి ఇంగ్లీషు కాపీ తెచ్చుకోండి. అపోస్టిల్ వేయించుకొస్తే చాలనుకోవద్దు. 2005లో ఇండియా అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకే కొన్ని ఆఫీసులు జర్మన్ రాయబార కార్యాలయం ద్వారా మీ ఊళ్లో విచారణ జరిపిస్తాయి. దానికి నెలలు పడుతుంది. అన్ని ఆఫీసులూ అడగవు. మీ ఊరి ఆఫీసుకు ముందే ఉత్తరం రాసి, ఏం కావాలో రాతలో తెప్పించుకోవడం మేలు.

ఎదురుచూపు, ఆ తర్వాత

2024లో జర్మనీ దాదాపు 2,92,000 మందికి పౌరసత్వం ఇచ్చింది. అన్ని ఫైళ్లు కదిలాయంటే కదలనివి ఇంకెన్నో ఊహించుకోవచ్చు. బెర్లిన్‌లో 2024 జనవరి 1 నుంచి వార్డు ఆఫీసుల దగ్గరున్న పనంతా ఒకే కేంద్ర ఆఫీసుకు మార్చి, దరఖాస్తులు ఆన్‌లైన్ చేశారు. మిగతా ఊళ్లలో ఎవరి పద్ధతి వాళ్లదే. ఒక ఊళ్లో కొద్ది నెలలు, పక్క ఊళ్లో ఏడాది దాటొచ్చు. కారణం లేకుండా మూడు నెలలు దాటినా ఫైలు కదలకపోతే ఆఫీసు మీద అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో నిష్క్రియా దావా వేసే హక్కు చట్టంలో ఉంది. మనవాళ్లు ఇది వినగానే "ఆఫీసు మీద కేసా?" అని బెదిరిపోతారు. అక్కడ అది అవమానం కాదు, పగ కాదు, ఒక విధానం. అయినా మొదట మర్యాదగా ఉత్తరం రాయండి, తర్వాత గడువు పెట్టి ఇంకో ఉత్తరం. వకీలు దగ్గరికి ఆ తర్వాతే వెళ్లండి. ఈలోగా ఉద్యోగం మారినా, బిడ్డ పుట్టినా, ఊరు మారినా తెలియజేయాలి. ఊరు మారితే ఫైలు కూడా కొత్త ఆఫీసుకు ప్రయాణం కట్టి అక్కడి వరుసలో చేరుతుంది.

చివరికి పిలుపు వస్తుంది. రాజ్యాంగాన్ని, చట్టాలను గౌరవిస్తానని పైకి పలికి, పౌరసత్వ పత్రం చేతికి తీసుకోవాలి. అది చేతికి అందిన క్షణంలోనే జర్మన్ పౌరులవుతారు, భారత పౌరులు కాకుండా పోతారు. ఇక్కడే కొందరు పెద్ద తప్పు చేస్తారు. పాస్‌పోర్టు పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది, గడువు కూడా ఉంది కదా అని దానిమీదే ఇండియా వెళ్లొస్తారు. అది నేరం, జరిమానా పడుతుంది, ఓసీఐకి అడ్డం కూడా పడొచ్చు. కాబట్టి ఆ రోజుకు అటూ ఇటూ రెండు మూడు నెలల్లో ఇండియా టికెట్లు కొనకండి. చెల్లెలి పెళ్లి ముహూర్తం ఆ మధ్యలో పడితే, వేడుక తేదీనే వెనక్కి జరపమని ఆఫీసును అడగండి.

తర్వాతి పనులకు ఒక వరుస ఉంది. ముందు ఊరి ఆఫీసులో జర్మన్ పాస్‌పోర్టు. అది వచ్చాక బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయంలోనో, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్ కాన్సులేట్లలో మీకు వర్తించేదానిలోనో భారత పాస్‌పోర్టు అప్పజెప్పి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఉంటేనే ఓసీఐకి దరఖాస్తు. ఈ ఓసీఐ పథకాన్ని 2006లో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదలుపెట్టారు. కార్డు చేతికి వచ్చేలోపు అత్యవసరంగా ఇండియా వెళ్లాల్సి వస్తే, అందరు జర్మన్ల లాగే వీసా తీసుకుని వెళ్లాలి. కార్డు వచ్చాక జీవితకాలం వీసా అక్కర్లేదు. ఇరవై ఏళ్లలోపు పిల్లలకు మాత్రం పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ కొత్త పాస్‌పోర్టు కాపీ, తాజా ఫోటో వెబ్‌సైటులో ఎక్కించాలి. వాళ్లు ఇరవై దాటాక తీసుకున్న పాస్‌పోర్టు మీద కార్డును ఒకసారి కొత్తగా చేయించుకోవాలి. యాభై దాటాక పాస్‌పోర్టు మారినప్పుడు ఇంకొక్కసారి ఫోటో ఎక్కిస్తే సరిపోతుంది.